ఆ ఊళ్ళో నీళ్ళెక్కడివి?

తెలుగులో వచ్చే ఓడయాత్రల వ్యాసాలు వెతికి చదవడం నాకు కొన్నేళ్ళుగా ఉన్న అలవాటు. అలాస్కా, నార్వే, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్. పిల్లల దగ్గరికి వెళ్ళిన రిటైర్డ్ లెక్చరర్లు, అక్కడే స్థిరపడిన డాక్టర్లు, నాలాంటి ఆన్‌సైట్ ఇంజినీర్లు రాసినవి. పత్రికల్లో వచ్చినవి కొన్ని, సంఘాల సావనీర్లలో వచ్చినవి కొన్ని. దాదాపు అన్నిటిదీ ఒకటే నడక. మొదటి పేరాలో వీసా, విమానం. రెండో పేరాలో ఓడకి ఎన్ని అంతస్తులో, ఎంతమంది పడతారో. మూడోదాంట్లో బఫే: శాకాహారులకి ఇబ్బందే, అయినా ఒక సాయంత్రం ఎలాగో పెరుగన్నం దొరుకుతుంది. తర్వాత ఒక మంచుకొండ చరియ విరిగి నీళ్ళలో పడుతుంది. చివర్లో ప్రకృతి ముందు మనిషెంత అనే వాక్యం. ఆ వాక్యం లేకుండా తిరిగొచ్చిన తెలుగు ఓడని నేనింకా చూడలేదు.

వెక్కిరించడం తేలికే. కానీ అందులో నా వ్యాసం కూడా ఉంది.

కొన్నేళ్ళ క్రితం ప్రాజెక్టు పనిమీద ఎడింబరోలో ఉన్నప్పుడు ఓ జూన్ నెలలో స్కాట్లండ్ పడమటి దీవులకి వెళ్ళే చిన్న ఓడ ఎక్కాను. వేలమంది పట్టే రకం కాదు, పన్నెండు మంది ప్రయాణికులు. (ఈ పన్నెండు వెనకాల చట్టం ఉంది. పన్నెండు దాటితే అది ‘పాసెంజర్ షిప్’ అవుతుంది, నిబంధనలన్నీ మారిపోతాయి. అందుకే అక్కడి చిన్న ఓడలు చాలావరకు పన్నెండు దగ్గర ఆగుతాయి.) ఓబన్ రేవులో బయల్దేరి, దీవి దీవికీ ఆగుతూ, గాలీ వాతావరణం కలిసొస్తే సెయింట్ కిల్డా దాకా వెళ్ళాలి. అది హెబ్రిడీస్ చివరి దీవులు కూడా దాటాక పడమరగా ఇంకో అరవై కిలోమీటర్ల పైన, నడి అట్లాంటిక్‌లో ఉంటుంది. తిరిగొచ్చాక ఆ యాత్ర మీద పదకొండు పేరాల వ్యాసం రాశాను. ఒక అంతర్జాల పత్రిక వేసుకుంది. నలుగురు మెచ్చుకున్నారు.

తర్వాతి వేసవిలో మామిడిపళ్ళకని ఇంటికెళ్ళాను. మాది నూజివీడు పక్కన, ఆగిరిపల్లి వైపు. చిన్న రసాలు, బంగినపల్లి, గట్టు మీద కొన్ని కలెక్టరు చెట్లు. ఆ ఏడు మా రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, రెండోది గంట పోస్తే గంట ఆగుతోంది. నాన్న తోటలో మంచమ్మీద కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఫోన్లో నా వ్యాసం మొత్తం చదివాడు. చదివి ఒకటే అడిగాడు.

“ఏరా, ఆ ఊళ్ళో నీళ్ళెక్కడివి? చుట్టూ సముద్రం గదా. బావా, చెరువా?”

“తెలీదు నాన్నా. వాననీళ్ళయ్యుంటాయి.”

“వెళ్ళొచ్చావు గదా?”

వెళ్ళాను. దిగలేదు. ఆ దీవికి ఉన్న ఒకే ఒక్క అనువైన రేవు, విలేజ్ బే, ఆగ్నేయానికి తెరుచుకుని ఉంటుంది. ఆ రోజు గాలి సరిగ్గా అటు తిరిగింది. గాలి పడవలో ఒడ్డుకి చేర్చడం కుదరదని కెప్టెన్ చెప్పేశాడు. ఓడ దీవి చుట్టూ ఒక చుట్టు తిరిగి వెనక్కొచ్చింది. నా వ్యాసంలో మాత్రం ‘నేను’ ఆ పాడుబడ్డ వీధిలో నడిచాను. పైకప్పు లేని ఇళ్ళ గుమ్మాల్లో నిలబడ్డాను. ఆ వాక్యాలన్నీ ఓడలో ఇచ్చిన కరపత్రంలోంచి, రెండు పుస్తకాల్లోంచి వచ్చాయి. పెద్ద అబద్ధంగా తోచలేదు అప్పుడు. ఇంకో మూడు గంటలు గాలి బాగుంటే నిజమయ్యేదే కదా అనుకున్నాను.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. నేనెందుకు అబద్ధం రాశానన్నది నా బాధ. చదివినవాళ్ళలో ఒక్కరికీ అనుమానం ఎందుకు రాలేదన్నది మాత్రం మన ప్రక్రియ బాధ.

*

మన యాత్రావచనం ఇలా మొదలవలేదు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర తెరిచిచూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే నెలలో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారి పొడుగునా చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి రాసి పంపుతూ వచ్చాడు. అది 1838లో, అంటే ఆయన పోయిన రెండేళ్ళకి, అచ్చయింది. మనలో చాలామందికి తెలిసింది 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి తెచ్చిన ప్రతి ద్వారా.

ఆ పుస్తకాన్ని మొదటిసారి ఇంజినీరింగ్ చదివేప్పుడు పట్టుకుని ఇరవై పేజీల్లో వదిలేశాను. ప్రతి మజిలీలోనూ అవే సంగతులు. ఊరు పెద్దదా చిన్నదా, అంగళ్ళున్నాయా, బియ్యం పప్పు దొరుకుతాయా, బావినీళ్ళు తాగడానికి పనికొస్తాయా, నేల నల్లదా ఎర్రదా, తర్వాతి మజిలీకి దారి రాళ్ళా ఇసకా. లాగ్ ఫైల్ చదువుతున్నట్టుండేది. నాన్న ప్రశ్న తర్వాత మళ్ళీ తీశాను. ఈసారి ఆ విసుగంతా పోయింది. ఆయన వెంట బోయీలు, నౌకర్లు, బంధువులు కలిపి పెద్ద పరివారమే ఉంది. వాళ్ళందరికీ ఆ రాత్రి అన్నం ఉడకాలి. ఆ ఊరి నీళ్ళతోనే ఉడకాలి. ఊరి గురించి ఆయనకి తెలియాల్సిన మొదటి సంగతి అదే కాబట్టి మనకి చెప్పే మొదటి సంగతీ అదే. అవసరం రాయించిన వచనం అది.

మన సంగతికి దగ్గరది గంగమీద పడవల భాగం. పడవ ఎక్కాక కూడా ఆయన ఒడ్డుని చూసి మురిసే ప్రేక్షకుడు కాలేదు. పడవవాళ్ళతో బేరం, గాలివాటం, రాత్రి ఎక్కడ కట్టెయ్యాలి, ఒడ్డున సామాను దొరుకుతుందా, ఇవన్నీ ఆయన తలనొప్పులే. తిరుగుప్రయాణంలో ఒరిస్సా దాటి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగా మన ఉత్తరకోస్తా పొడుగునా దిగొచ్చాడు. అక్కడా అంతే. తీరం ఆయనకి దృశ్యంగా కనబడటం అరుదు.

నేనెక్కిన చిన్న ఓడలో నాకు ఏ అవసరమూ లేదు. దిగుమతీ ఎగుమతీ అంతా వాళ్ళ పని. వంటాయన ఎక్కడ సరుకులు ఎక్కించుకున్నాడో తెలియదు. మంచినీళ్ళ ట్యాంకు ఎన్ని రోజులకి సరిపోతుందో తెలియదు. కాబట్టి అవేవీ నా వ్యాసంలోకి రాలేదు. వాటి ఖాళీని నింపడానికి ‘నిశ్శబ్దం’, ‘అనంతం’, ‘ఆదిమం’ అనే మాటలు వచ్చాయి. అన్నట్టు ఆ నిశ్శబ్దంలో ఇంజను చప్పుడు ఆరు రాత్రులూ నా తలగడ కిందే ఉంది.

మాటల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మనకి ఓడ మాటలు లేవని అంటుంటారు. ఎందుకు లేవు? చుక్కాని, తెరచాప, తెడ్డు, లంగరు, ఆటుపోట్లు, కళాసీ, సరంగు. కాకినాడ నుంచీ కళింగపట్నం నుంచీ లెక్కలేనంతమంది రంగానికి, అంటే రంగూనుకి, ఓడలెక్కి వెళ్ళిన జాతి మనది. దీవికే మనకి రెండు మాటలు: సముద్రం వైపుదైతే దీవి, ఏటిలోదైతే లంక. మా ఊరికి రెండు గంటల లోపు దూరంలో కొల్లేరులో ఎన్నో లంక ఊళ్ళున్నాయి. అక్కినేని కుటుంబరావుగారి కొల్లేటి జాడలు చదివితే నీటి మధ్య బతుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అందులో నీళ్ళు దృశ్యం కావు. చేపలూ పంటా వరదా అన్నీ వాటిలోంచే వస్తాయి. నా వ్యాసంలో ‘సరంగు’ అనే మాట రాకపోవడానికి కారణం అది పాతదని కాదు. ఓడ నడిపే మనిషితో నేను పది మాటలు కూడా మాట్లాడలేదు.

*

దిగని దీవి గురించి ఆ తర్వాత చాలా చదివాను. అపరాధభావం మంచి గ్రంథాలయం. మొదట నీళ్ళ సంగతే వెతికాను. సెయింట్ కిల్డా అనే పేరుతో ఏ సెయింటూ ఎప్పుడూ లేడు. పాత నార్స్ భాషలో ‘కెల్డా’ అంటే ఊట, బావి. ఊరి దగ్గరే టోబర్ చిల్డా అనే ఊటబావి ఉంది. ఎప్పుడో ఏ నావికులో మంచినీళ్ళ చోటుకి చెప్పిన పేరే దీవి పేరయి కూర్చుందని ఒక వాదన. అంటే మా నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు బహుశా నా వ్యాసం శీర్షికలోనే ఉంది. నాకు కనబడలేదు.

అక్కడి మనుషుల బతుకు గురించి టామ్ స్టీల్ 1965లో రాసిన పుస్తకం ఇప్పటికీ అందరూ మొదట చేతికందుకునేది. చెట్టన్నది లేని దీవి. కొండ అంచుల్లో తాళ్ళు కట్టుకుని దిగి సముద్రపక్షుల్ని పట్టడమే ప్రధానమైన పని. ఫుల్మార్, గానెట్, పఫిన్. మాంసం తిండికి, నూనె దీపాలకి, ఈకలు దీవి యజమానికి శిస్తుకింద. పట్టిన పక్షుల్ని నిలవచెయ్యడానికి మట్టి లేకుండా రాళ్ళు పేర్చి కట్టిన చిన్న కొట్లు, వాటిని క్లీట్లంటారు. రాళ్ళ సందుల్లోంచి గాలి ఆడుతూ ఉంటుంది, పైన పచ్చికగడ్డల కప్పు వానని ఆపుతుంది. ఇలాంటివి వెయ్యికి పైనే ఉన్నాయి. ఓడమీంచి నేను వాటిని చూశాను. ‘కొండనిండా చల్లిన బూడిదరంగు ముత్యాలు’ అని రాశాను. మామిడికాయని గడ్డిలో మగ్గబెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, అది సరుకు నిలవచేసే కొట్టు అని నాకు తట్టాలి.

అసలు దెబ్బ తగిలిన చోటు వేరే ఉంది. చిన్న ఓడలో మారుమూల దీవులు చూడటం ఈ మధ్య పుట్టిన సరదా అనుకునేవాణ్ణి. 1877 నుంచే డునారా కాజిల్ అనే స్టీమరు వేసవిలో యాత్రికుల్ని సెయింట్ కిల్డాకి తీసుకెళ్ళడం మొదలెట్టింది. వాళ్ళు దిగేవాళ్ళు, ఇళ్ళలోకి తొంగిచూసేవాళ్ళు, ఉన్నిబట్ట, పక్షిగుడ్లు కొనుక్కునేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు. దీవివాళ్ళు మెల్లగా డబ్బుకీ, ఆ వేసవి ఓడకీ అలవాటు పడ్డారు. పొద్దున్నే మగవాళ్ళంతా వీధిలో చేరి ఆ రోజు ఏ పని చెయ్యాలో మాట్లాడుకునే ఆచారం ఉండేది. యాత్రికులు దానికి ‘పార్లమెంటు’ అని పేరు పెట్టి దాన్నీ చూడదగ్గ వస్తువుని చేశారు. ఊరు ఖాళీ అవడానికి యాత్రికులే కారణమనడం అన్యాయం. వలసలున్నాయి, జబ్బులున్నాయి, పుట్టిన వారానికే ధనుర్వాతంతో పోయిన పసిపిల్లలున్నారు, మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన బయటిగాలి ఉంది. కానీ వేసవిలో వచ్చి మెచ్చుకుని వెళ్ళిపోయే ఓడ, చలికాలంలో రాని ఓడ కూడా ఆ జాబితాలో ఉంది.

1930 మే 10న తమని తీసుకెళ్ళిపొమ్మని వాళ్ళే అర్జీ పెట్టుకున్నారు. ఆగస్టు 29న మిగిలిన ముప్పయ్యారు మందీ హేర్‌బెల్ అనే నౌకాదళం ఓడ ఎక్కారు. మగవాళ్ళలో కొందరికి ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం అటవీశాఖలో. చెట్టు లేని దీవినించి వచ్చినవాళ్ళకి!

*

ఈ కథమీద మైకేల్ పావెల్ 1937లో తీసిన ‘ది ఎడ్జ్ ఆఫ్ ద వరల్డ్’ సినిమా ఉంది. నా వ్యాసాన్ని పూర్తిగా కూల్చింది అదే. ఆశ్చర్యం ఏంటంటే పావెల్ కూడా సెయింట్ కిల్డాలో దిగలేదు. చిత్రీకరణకి దీవి యజమాని ఒప్పుకోలేదు. అందుకని షెట్లండ్‌లో ఫౌలా అనే ఇంకో దీవికి యూనిట్‌ని తీసుకెళ్ళి అక్కడ తీశాడు. మరి అది నాలాంటి అబద్ధమే కదా?

నాలుగుసార్లు చూశాక నాకు తోచింది ఇది. పావెల్ ఒక దీవికి బదులు ఇంకో దీవిలో దిగాడు, కానీ దిగాడు. నెలల తరబడి అక్కడ ఉండి, అక్కడి జనాన్నే గుంపు సన్నివేశాల్లో నిలబెట్టి, అక్కడి గాలికి దెబ్బలు తిని తీశాడు. కొండ అంచున ఇద్దరు కుర్రాళ్ళు పోటీపడి ఎక్కే సన్నివేశం ఉంటుంది, ఊరు వదలాలా వద్దా అనే తగువు తేల్చుకోవడానికి. అందులో రాయి రాయిలా ఉంటుంది, జారితే చస్తారని మన అరికాళ్ళకి తెలుస్తుంది. ఇంకోటి, సినిమా మొదలయ్యేది ఒక చిన్న విహారనౌకతోనే. ఖాళీ అయిపోయిన దీవిని చూడాలని సరదాపడే ఇంగ్లీషు పెద్దమనిషి, పక్కన ఒక ఆడమనిషి, పడవ నడిపేవాడు ఒకప్పటి ఆ దీవివాడు. ఆ పెద్దమనిషి వేషం పావెలే వేశాడు. అంటే చూడ్డానికి వచ్చినవాడు తనే అని దర్శకుడు మొదటి నిమిషాల్లోనే ఒప్పుకున్నాడు. కథ చెప్పే హక్కు మాత్రం పడవ నడిపేవాడికిచ్చి తను వింటూ కూర్చున్నాడు. సినిమాలో లోపాలు లేకపోలేదు. ప్రేమకథ పేలవం, చివర్లో తుఫాను కొంచెం ఎక్కువైంది. కానీ ఆ ఏర్పాటు, ఎవరు చూస్తున్నారు ఎవరు చెబుతున్నారు అన్న స్పష్టత, మన ఓడయాత్రల్లో నాకెక్కడా దొరకలేదు.

ఇక్కడ శామ్యూల్ జాన్సన్‌ని కూడా తలుచుకోవాలి. 1773లో, అరవై దాటిన వయసులో, బాస్వెల్‌తో కలిసి ఇవే పడమటి దీవులు తిరిగి 1775లో పుస్తకం వేశాడు. సెయింట్ కిల్డా వెళ్ళలేదు, వెళ్ళినట్టు రాయనూలేదు. అందులో ఓ చోట స్కాట్లండ్ ఇళ్ళ కిటికీలు ఎలా తెరుస్తారు, తెరిచింది పడిపోకుండా ఎలా పట్టుకోవాలి అన్నదానిమీద ఆగిపోతాడు. ఇంత చిన్న సంగతి రాయడం పుస్తకం గౌరవానికి తగదేమో అని తనే సందేహపడి, మనుషుల బతుకంతా ఇలాంటి చిన్న సంగతులతోనే నిండి ఉంటుందని సమర్థించుకుంటాడు. ఇంకో చోట, చూసింది అక్కడికక్కడ రాసుకోకపోతే కొన్ని గంటల్లోనే వివరాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసి ముద్దయిపోతాయని చెబుతాడు. జాన్సన్ కిటికీలు, వీరాస్వామయ్య బావులు, మా నాన్న ప్రశ్న ఒకే వరసలోవి. అలాస్కా వ్యాసాల్లో నేను వెతికి దొరక్క విసుక్కున్నది ఇదే. అయినా ఒకటి రెండిట్లో దొరికిందని ఒప్పుకోవాలి. ఒకావిడ బఫే పేరాలోనే, తన టేబుల్ తుడిచే కుర్రాడు ఏ దేశంవాడో, ఎన్ని నెలలకోసారి ఇంటికెళ్తాడో రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్ళిపోయింది. వ్యాసంలో మంచుకొండ మర్చిపోయాను, ఆ కుర్రాడు గుర్తున్నాడు.

“సరదాకి రాసుకున్న వ్యాసాలమీద ఇంత కోపమా, డబ్బుపెట్టి సెలవుకెళ్ళినవాణ్ణి నీళ్ళ లెక్క అడుగుతావా” అని ఒక మిత్రుడు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నాకు మా తోటలోనే దొరికింది, అది కూడా నా మొహానే.

పోయిన మే నెలలో ఆఫీసు స్నేహితులు ఆరుగురు తోట చూస్తామంటే హైదరాబాదు నుంచి తీసుకెళ్ళాను. చిక్కం పట్టుకుని కాయలు కోశారు, చెట్టెక్కి ఫొటోలు దిగారు, గడ్డికొట్లో వాసనకి పరవశించారు. నాయనమ్మ అందరికీ చిన్న రసాలు బకెట్లో నీళ్ళుపోసి తెచ్చిపెట్టింది. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. సాయంత్రానికి కార్లు వెళ్ళిపోయాయి. నాన్న చెట్టుకింద రాలినవి ఏరుతూ, “మంచి పిల్లల్రా. ఒక్కళ్ళూ కాయ ఎంతకి పోయిందని అడగలేదు” అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. ఆ ఏడు పూతమీదే తోట గుత్తకిచ్చేశాడు, ఆ గుత్తదారు సగం డబ్బు ఇంకా ఇవ్వలేదు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నేనూ అడగలేదు మరి.

తోట ఉంచాలా, కొట్టేసి ఇంకేదన్నా వెయ్యాలా అని ఇంట్లో ఇప్పుడు మాట. “కొట్టొద్దు నాన్నా, అంత అందమైన చెట్లు” అని ఫోన్లో అన్నాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, “నువ్వు ఏడాదికి నాలుగు రోజులొస్తావు గదరా” అన్నాడు. ఆ వాక్యంలో నేనెక్కిన ఓడ కనబడింది నాకు.

నెల క్రితం ఆ పత్రిక ఎడిటర్‌గారికి ఉత్తరం రాశాను. వ్యాసం తీసెయ్యమనలేదు. ‘దిగాము’ అన్నచోట ‘దిగలేకపోయాము’ అని మార్చి, దిగితే తప్ప తెలియని వాక్యాలన్నీ కొట్టేసి కొత్త ప్రతి పంపాను. పదకొండు పేరాల్లో నాలుగు మిగిలాయి. ఒకటి కడుపులో తిప్పడం గురించి. ఒకటి గాలి మారినప్పుడు కెప్టెన్ మొహం గురించి. ఒకటి గానెట్లు రెక్కలు వెనక్కి ముడిచి బాణంలా నీళ్ళలోకి దిగడం గురించి. నాలుగోది అప్పుడు ఎందుకు రాశానో నాకే గుర్తులేదు. దీవి చుట్టూ తిరుగుతున్నప్పుడు వంటాయన డెక్కు మీదకొచ్చి, బంగాళాదుంపల తొక్కు సముద్రంలో పారబోసి, ఆ ఖాళీ ఇళ్ళవైపు ఓసారి చూసి, కిందికెళ్ళిపోయాడు. అంతే ఉంది అందులో. ఈసారి దాంట్లో ఒక్క మాట కూడా మార్చలేదు.